కృష్ణపట్నం రేవు బురదలో ఏప్రిల్‌లో కనిపించే ఎర్ర ఉల్లంకులు (బురదలో మేసే వలస పిట్టలు) కొత్తగా వచ్చినవా?

కాదు, చాలావరకు శీతాకాలమంతా ఇక్కడే మేసిన బూడిదరంగు పిట్టలే. జతకట్టే కాలం దగ్గరపడేసరికి హార్మోన్లు మారి, పాత ఈకలు రాలి రంగు ఈకలు వస్తాయి. ఈ ఉల్లంకుల్లో ఒకటైన కర్ల్యూ శాండ్‌పైపర్‌నే చూడండి: కిందికి వంగిన ముక్కు, జనవరిలో తెల్ల పొట్ట, ఏప్రిల్‌కల్లా ఇటుకరంగు రొమ్ము. సగం మారినవైతే అతుకుల బొంతలా ఉంటాయి, అసలు తికమక అక్కడే. ఆ తర్వాత గుడ్లు పెట్టడానికి ఉత్తర సైబీరియా టండ్రాకు వెళ్తాయి.

ఇది వేరే జాతి అనో, ఉన్న ఈకే ఎర్రబడిందనో అనుకోవడం మామూలు పొరపాటు. పూర్తిగా పెరిగిన ఈక మన గోరులాంటిది, దానికి కొత్త రంగు ఎక్కదు. మే నెలలోనూ బూడిదగానే ఉన్నవి ఎక్కువగా ఆ ఏడు జతకట్టని కుర్ర పక్షులు.