కొండ మీద వ్యాక్యూమ్ గేజు 27 దగ్గరే ఆగిపోతే పంపు పాడైనట్టేనా?

తిరుపతిలో 29 అంగుళాలు (పాదరసం లెక్కన) దాటి లాగే వ్యాక్యూమ్ పంపు, అంటే ఏసీ పైపుల్లోని గాలీ తడీ లాగేసే పంపు, తిరుమలలో ఏసీ బిగించేటప్పుడు 27 దగ్గరే నిలిచిపోతోందని అడిగారు. పంపు జోలికి పోకండి. అక్కడ అంతకు మించి లాగడానికి గాలే లేదు.

మానిఫోల్డు (గేజులూ హోసులూ ఉండే వాల్వుల సెట్టు) మీది నీలం గేజు లోపలి పీడనాన్ని బయటి గాలితో పోల్చి చూపుతుంది. అందుకే హోసు విప్పేస్తే కొండ కిందా సున్నానే, కొండ మీదా సున్నానే. తిరుపతి దాదాపు 160 మీటర్ల ఎత్తు, గాలి పీడనం సుమారు 29.4 అంగుళాల పాదరసం. తిరుమల 850 మీటర్ల పైమాటే, అక్కడ 27కి అటూ ఇటూ. లోపల చుక్క గాలి లేకుండా చేసినా ముల్లు అక్కడితో సరి. కొండ మీద 29 చూపిస్తే అనుమానించాల్సింది గేజునే.

అబ్సల్యూట్ పీడనం, అంటే లోపల నిజంగా మిగిలిన పీడనం కావాలంటే ఆ చోటి గాలి పీడనంలోంచి గేజు అంకె తీసేయాలి. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. ఫోన్లో వాతావరణం యాప్ చూపే 1008 మిల్లీబార్లు సముద్రమట్టానికి సర్దిన అంకె. కొండ మీద అసలుది 915 దగ్గర, అదే పైన చెప్పిన 27 అంగుళాలు. 1008 పెట్టి లెక్కేస్తే లోపల ఇంకా 90 మిల్లీబార్లకు పైగా మిగిలినట్టు తేలుతుంది, ఇక లేని లీకు కోసం వెతుకులాట! ఫోన్లో బారోమీటర్ సెన్సరుంటే అది చూపే అంకె తీసుకోండి.

అసలు ఏసీ పనికి ఈ గేజు ఎందుకూ చాలదు. పాదరసం మట్టంలో మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్. అంగుళమంటే 25,400 మైక్రాన్లు, మనం దిగాల్సింది 500 మైక్రాన్లకు. 30 డిగ్రీల్లో పైపులోని తడి మరగడం మొదలయ్యేదే దాదాపు 32,000 దగ్గర, అప్పటికే ముల్లు చివరికొచ్చినట్టు కనిపిస్తుంది.

మైక్రాన్ గేజు కొనండి. అది అబ్సల్యూట్‌నే చూపుతుంది కాబట్టి కింద 500 అంటే పైనా 500. పంపు పక్కన తగిలిస్తే అంకె ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. వాల్వు కోర్ (ఏసీ సర్వీస్ పోర్టులోని చిన్న పిన్ను) తీసే టూలుకుండే పక్క పోర్టుకు బిగించండి, మానిఫోల్డు వదిలేసి పొట్టి లావు హోసుతో పంపు కలపండి. 500 దిగాక టూలు వాల్వు మూసి, పంపు ఆపి 10 నిమిషాలు చూడండి. పెరిగి 1,500–2,000 దగ్గర నిలిస్తే తడి. నైట్రోజన్ కొద్దిగా వదిలి మళ్లీ లాగాలి, పంపు ఆయిలు పాలలా తెల్లబడితే మార్చాలి. ఆగకుండా పెరుగుతూ పోతే లీకు, ముందు ఫ్లేర్ నట్లు (రాగి పైపుల కీళ్ల దగ్గరి నట్లు) చూడండి. సెన్సరు మీద ఆయిలు పడితే అంకె తప్పుతుంది, నిటారుగా బిగించండి.