యాక్సిలేటర్ తొక్కితే వణికే బండి: మేనల్లుడికి ఒక ఉత్తరం

అల్లుడూ,

టైర్లు నాలుగూ మార్చేయమన్నారని రాశావు. ఆగు, డబ్బు తీయకు. 40 నుంచి 70 మధ్య యాక్సిలేటర్ తొక్కితే బండి ముక్కు అటూ ఇటూ ఊగుతోంది, కాలు తీయగానే ఆగిపోతోంది అన్నావు చూడు, ఆ రెండో మాటలోనే జబ్బంతా ఉంది. నువ్వు తొక్కావో వదిలావో టైరుకి తెలియదు. బ్యాలెన్సింగ్ తప్పిన చక్రం తొక్కినా వదిలినా, మామూలుగా 80 దాటాక, స్టీరింగ్‌ని వణికిస్తూనే ఉంటుంది. బ్రేకు వేసినప్పుడే వణికితే డిస్కులు, ఫస్ట్ గేరులో కదిలేటప్పుడే వణికితే క్లచ్చు. ఆ రెండూ నీ కథ కాదు.

ముందు ఒక పని చెయ్యి. ఖాళీగా ఉన్న తిన్నటి రోడ్డు చూసుకుని, వణుకు బాగా తెలిసే వేగంలో థర్డ్‌లో ఒకసారి, ఫోర్త్‌లో ఒకసారి తొక్కి చూడు. గేరు మారినా అదే కిలోమీటర్ల దగ్గర వణికితే తప్పు గేర్‌బాక్సు తర్వాత ఉంది, అంటే గేర్‌బాక్సు నుంచి చక్రానికి బలం తీసుకెళ్లే షాఫ్టు, యాక్సిల్ వైపు. గేరుతో పాటు వణికే వేగమూ మారిపోతే ఇంజిన్ వైపు. తర్వాత అదే వేగంలో న్యూట్రల్ చేసి వదిలెయ్యి. నున్నగా పోతే చక్రాలకు దోషం లేదు. తాళం మాత్రం ఆపకు. ఇంజిన్ ఆగితే స్టీరింగ్ బిగుస్తుంది, బ్రేకూ గట్టిపడుతుంది.

ఇంజిన్ వైపని తేలితే అది మిస్సింగే అయ్యుంటుంది, అంటే ఏదో ఒక సిలిండర్‌లో పెట్రోలు సరిగా మండకపోవడం. అటూ ఇటూ ఊగడం కాదు, వెనక నుంచి ఎవరో తోసి ఆపినట్టు జర్కులు, పికప్ లేకపోవడం, ఏసీ వేసినప్పుడు ఎక్కువవడం. ఇంజిన్ కంప్యూటర్‌లోని తప్పులు చదివే స్కానర్ పెడితే పీ0301, పీ0302 లాంటి కోడ్ వస్తుంది. చివరి అంకె సిలిండర్ నంబరు. ప్లగ్గుకి కరెంటు ఇచ్చే కాయిల్ కొత్తది కొనేముందు, ప్లగ్గు మీదే కూర్చునే కాయిళ్లయితే, పీ0302 వచ్చిందనుకో, తాళం తీసేసి రెండో సిలిండర్ కాయిల్‌ని మూడో దానికి, మూడోదాన్ని రెండో దానికి మార్చు. చాలా బళ్లలో ఒక్క 10 నంబరు బోల్టే. కోడ్ తుడిచి నడిపితే ఈసారి పీ0303 వచ్చిందనుకో, కాయిలే పోయింది. కోడ్ కదలకపోతే ప్లగ్గులు అలాగే మార్చి చూడు, అప్పటికీ కదలకపోతే ఇంజెక్టరు, కంప్రెషన్ చూడాలి. ప్లగ్గులు ఇంజిన్ చల్లారాకే విప్పాలి. వేడి మీద అల్యూమినియం హెడ్డు మరలు పాడవుతాయి. కొత్తవి చేత్తో చివరిదాకా తిప్పి, వాషర్ ఆనాక ఇంకో అర చుట్టు చాలు. చెక్ లైటు మిణుకుమిణుకుమంటే మాత్రం కాలు తగ్గించి పక్కకు తీయి. కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలోని కేటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి మండితే, దాని ఖర్చు ముందు కాయిల్ ఖర్చు ఏ పాటిది?

నువ్వు రాసింది చదివితే మాత్రం నా అనుమానం లోపలి సీవీ జాయింట్ మీదే. యాక్సిల్ వాలుగా ఉన్నా తిరిగేలా దాని రెండు చివర్లా ఉండే కీళ్లే సీవీ జాయింట్లు. మలుపులో టకటకమని చప్పుడు చేసేది చక్రం పక్కన ఉండే బయటి జాయింట్. లోపలిది ఎక్కువగా అలా టకటకలాడదు, వణికిస్తుంది. గేర్‌బాక్సు పక్కనుండే కప్పులో మూడు రోలర్లు మూడు గాడుల్లో జరుగుతుంటాయి. గాడి అరిగి గుంత పడితే, బలం పడినప్పుడల్లా రోలరు ఆ గుంతలో తట్టుకుంటుంది. షాఫ్టు ఒక చుట్టు తిరిగేలోగా మూడు తోపులు. కాలు తీస్తే బలం తగ్గుతుంది కాబట్టి నున్నగా పోతుంది. షాఫ్టు వాలు పెరిగేకొద్దీ ఇది ఎక్కువవుతుంది. అందుకే స్పీడ్ బ్రేకర్లకు తగలకూడదని ముందు స్ప్రింగుల కింద స్పేసర్లు పెట్టించి బండిని ఎత్తించిన వాళ్లకు ఈ బాధ తొందరగా వస్తుంది. నీ బండికీ అవి వేయించి ఉంటే ముందు తీసేయించి చూడు.

బండిని స్టాండ్ల మీద నిలబెట్టు, జాకీని నమ్మి కిందకి దూరకు. జాయింట్ల మీద ఉండే రబ్బరు బూట్లు పగిలాయా, చుట్టూ గ్రీజు చిమ్మిందా చూడు. షాఫ్టుని గేర్‌బాక్సు దగ్గర పట్టుకుని పైకీ కిందకీ ఊపు. గట్టిగా ఆడితే పోయినట్టే. లోపలికీ బయటికీ జరగడం మాత్రం సహజం, దాన్ని చూసి మార్చేయకు. బూటు విప్పితే గ్రీజు పాలెక్కువైన టీ రంగులో ఉందంటే నీళ్లు చేరాయి. తుడిచి గాడి వెంట గోరు నడిపించు, తట్టిందంటే ఆ కప్పు ఇక పనికిరాదు. కొత్త గ్రీజు కూరితే వణుకు కొన్నాళ్లు అణుగుతుంది, అంతే.

యాక్సిల్ మార్చేటప్పుడు, చక్రం మధ్యలో దాని చివర ఉండే హబ్ నట్టు చక్రం నేల మీద ఉండగానే వదులు చేయించు. యాక్సిల్‌ని షాఫ్టు పట్టుకుని లాగనివ్వకు, లోపల రోలర్లు కప్పులోంచి ఊడొస్తాయి. కప్పు దగ్గర రాడ్డుతో మీటి తీయాలి. హబ్బుని బ్రేకు పైపు మీద వేలాడదీయనివ్వకు. గేర్‌బాక్సు ఆయిల్ కారుతుంది, కారినంతా మళ్లీ పోయించు. ఆయిల్ సీలు, షాఫ్టు ఊడకుండా పట్టే రింగు (సర్క్లిప్పు), హబ్ నట్టు కొత్తవే వేయాలి. నట్టుని కంపెనీ చెప్పిన లెక్కకే టార్క్ రెంచితో బిగించాలి. నట్లు బిగించే గన్నుతో ఇష్టమొచ్చినట్టు బిగిస్తే వీల్ బేరింగు బలి.

సామాను విషయంలో ఒక మాట. పేరూ ఊరూ లేని చవక కొత్త యాక్సిల్ బిగించిన రోజే వణకవచ్చు. అంతకంటే విజయవాడ ఆటోనగర్‌లో జాయింట్లలో వదులు లేని పాత కంపెనీ యాక్సిల్ దొరికితే, కొత్త బూటు కిట్టు వేసి, కిట్టుతో వచ్చిన గ్రీజు మొత్తం పెట్టించుకోవడం మేలంటాను.

అదే పూటలో ఇంజిన్‌ని పట్టి ఉంచే రబ్బరు మౌంటింగులూ చూపించు. బానెట్ ఎత్తి, హ్యాండ్ బ్రేకు, కాలి బ్రేకు రెండూ వేసి, ఫస్ట్‌లో క్లచ్చు కొద్దిగా వదిలి పట్టు, తర్వాత రివర్సులో. చూసేవాడు పక్కన నిలబడాలి, ముందు కాదు. ఇంజిన్ అంగుళం మించి ఎగిరితే రబ్బరు పోయింది. అది అలాగే వదిలేస్తే షాఫ్టు వాలు మారి, కొత్త యాక్సిల్‌కీ పాత గతే.

స్కానర్‌లో ఏ కోడ్ వచ్చిందో, థర్డ్‌లో ఎంత దగ్గర వణికిందో, ఫోర్త్‌లో ఎంత దగ్గరో కాగితం మీద రాసి పంపు.

ఆశీస్సులతో,
మామయ్య