బీపీటీ అయ్యాక ఉద్యోగమా, ఎంపీటీయా?

తమ్ముడూ, ఫిజియోథెరపీ డిగ్రీ (బీపీటీ) ఇంటర్న్‌షిప్ అయిపోవస్తోంది, ఉద్యోగంలో చేరాలా, వెంటనే అందులో పీజీ (ఎంపీటీ) చేయాలా అని అడిగావు. నా మాట వింటే ముందు ఒక ఏడాది పని చెయ్యి.

బీపీటీతో జూనియర్‌గా చేరితే మొదట్లో నొప్పి తగ్గించే ఐఎఫ్‌టీ (సన్నటి కరెంటు పెట్టేది), అల్ట్రాసౌండ్ మెషిన్లు పెట్టడం, మోకాలి మార్పిడి ఆపరేషన్ అయినవాళ్లను వాకర్‌తో నడిపించడం, రికార్డులు రాయడం. విసుగొస్తుంది, కానీ చెయ్యి తిరిగేది అక్కడే. నేనూ అందరిలాగే స్పోర్ట్స్ ఫిజియో అంటూ తిరిగినవాణ్ణే. పక్షవాతం పేషెంట్లతో ఆరు నెలలు గడిపాక న్యూరోకి మారిపోయాను. రెండేళ్ల ఎంపీటీలో ఆర్థో, న్యూరో, కార్డియో లాంటి ఒకే విభాగం పట్టుకోవాలి కాబట్టి తొందరపడకు.

సీనియర్ అయ్యాక పని మారుతుంది. కొత్త కేసు పరీక్షించి ప్లాన్ రాయడం, జూనియర్లతో చేయించడం, సర్జన్‌తో మాట్లాడటం. కాలేజీలో పాఠాలు చెప్పాలంటే మాత్రం ఎంపీటీ తప్పదు.

అమెరికా ఆలోచన ఉంటే లెక్క వేరు. అక్కడివాళ్లు ఇప్పుడు డీపీటీ (ఫిజియోథెరపీలో డాక్టరేట్ స్థాయి డిగ్రీ) చదువుతున్నారు. మన డిగ్రీ దానికి సమానమో కాదో చూపించుకుని, ఎన్‌పీటీఈ అనే అక్కడి లైసెన్స్ పరీక్ష పాసై, పనిచేసే రాష్ట్రం లైసెన్స్ తెచ్చుకోవాలి. సిలబస్ కాపీలు, ఇంటర్న్‌షిప్ గంటల సర్టిఫికెట్ కాలేజీలో ఉండగానే తీసి పెట్టుకో. తర్వాత తిరగడం పెద్ద టెన్షన్.