మనిషి ఎక్కితే ట్రెడ్‌మిల్ ఆగిపోతోంది: మోటారు పోయినట్టేనా?

విజయనగరంలో మేడ గదిలో ఉన్న మీ ట్రెడ్‌మిల్ ఖాళీగా బాగా తిరుగుతోంది, ఎక్కి నడిస్తే రెండు నిమిషాల్లో ఆగిపోతోంది, మోటారు మార్చాలా అని అడిగారు. ఇప్పుడే మార్చకండి. ఖాళీగా తిరుగుతోందంటే మోటారు పూర్తిగా పోలేదు.

నా అనుమానం ముందు మీరు నడిచే బెల్టు మీదే. ప్లగ్గు తీసేసి, బెల్టు అంచు ఎత్తి అడుగున వేలితో రుద్ది చూడండి. పొడిగా ఉంటే, పైన బరువు పడగానే రాపిడి పెరిగి మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, కంట్రోల్ బోర్డు దాన్ని ఆపేస్తుంది. సిలికాన్ ఆయిల్ వేయండి. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె మాత్రం వద్దు, బెల్టు పాడవుతుంది.

తర్వాత ప్లగ్గు. ఎక్స్‌టెన్షన్ బాక్సుకి పెట్టి ఉంటే తీసి, గోడలోని 16 ఆంప్స్ సాకెట్‌కి నేరుగా పెట్టండి. కాసేపు నడిచాక ప్లగ్గు వేడెక్కితే సాకెట్ వదులైందని అర్థం. సాయంత్రాలే ఆగుతుంటే ఎలక్ట్రీషియన్‌కి వోల్టేజీ చూపించండి. ఉండాల్సింది 230 దరిదాపుల్లో.

మిషన్‌తో పాటు ఇంట్లో 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) కూడా పడిపోతుంటే కథ వేరు, ఎక్కడో కరెంటు లీకవుతోంది. మన తీరపు చెమ్మగాలికి కంట్రోల్ బోర్డు మీద తేమ చేరి ఉండొచ్చు. హ్యాండిల్ పట్టుకుంటే జిల్లుమంటే ఇక ఎక్కొద్దు, పిల్లల్నీ దగ్గరకి రానివ్వొద్దు. ముందు ఎర్తింగ్ చూపించండి.

దయచేసి మోటారు మూత మీరు విప్పకండి. ప్లగ్గు తీసినా లోపల కరెంటు నిల్వ ఉంచే కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా కాసేపు నిలిచి ఉండొచ్చు.