ఏం గొలుసు బిడ్డా, ఏం ఎద్దు?

సందేహం: సార్, మాది మిర్యాలగూడ. ఎంబీఏ చదువుతున్నాను. రవాణా మీద, సప్లై చైన్ల మీద ఈ మధ్య జరిగిన పరిశోధనల గురించి కాలేజీ పత్రికకు తెలుగులో ఒక వ్యాసం రాశాను. సస్టెయినబుల్ మొబిలిటీకి 'సుస్థిర చలనశీలత', సప్లై చైన్‌కు 'సరఫరా గొలుసు', బుల్‌విప్ ఎఫెక్ట్‌కు 'ఎద్దు కొరడా ప్రభావం', లాస్ట్ మైల్‌కు 'చివరి మైలు' అని పెట్టాను. మా నాయన రైస్ మిల్లులో గుమాస్తా. చదివి "ఏం గొలుసు బిడ్డా, ఏం ఎద్దు?" అన్నాడు. నా మాటలు తప్పా? లేకపోతే ఇంగ్లిష్ మాటలే ఉంచేయాలా? ఇంకొకటి, రవాణా అని రాయాలా, రవానా అనా?

సమాధానం: అమ్మా, మీ నాయన అడిగింది వెక్కిరింపు అనుకోకు, అసలు ప్రశ్న అదే. పొద్దస్తమానం ఆ పనిలోనే ఉన్న మనిషికి ఆ పని గురించి రాసిన వ్యాసం ఎక్కలేదంటే లోపం ఆయనది కాదు. అయితే నువ్వు పెట్టిన నాలుగు మాటలూ ఒకే రకం కాదు. గొలుసును కాస్త సర్దితే బతుకుతుంది. ఎద్దు బతకదు.

ముందు గొలుసు సంగతి. 'సరఫరా గొలుసు' పత్రికల్లో బాగా నలిగిన మాటే, తప్పనలేం. చిక్కేమిటంటే గొలుసు అనగానే మనకు మెడలోదో కాళ్లదో కనిపిస్తుంది, ఒక వస్తువు. నువ్వు చెప్పాలనుకున్నది వస్తువు గురించి కాదు, సరుకు పుట్టినచోటి నుంచి కొనేవాడి దాకా ఒకదాని మీద ఒకటి ఆధారపడ్డ ఏర్పాటు గురించి. దానికి మన దగ్గర ఎప్పటినుంచో ఒక మాట ఉంది, గొలుసుకట్టు. గొలుసుకట్టు చెరువులు అంటే పాలమూరులో, నల్లగొండలో ఎవరికీ అర్థం చెప్పనక్కర్లేదు. పై చెరువు నిండి అలుగు పారితే కిందిది నిండుతుంది, పై చెరువు కట్ట తెగితే కిందివాటికి గండం. సప్లై చైన్ గురించి పరిశోధకులు చెప్పేదీ ఇదే కదా, ఏ ఒక్క అంగడినో మిల్లునో విడిగా చూస్తే లాభం లేదు, పారకాన్ని చూడాలని. కాబట్టి 'గొలుసుకట్టు సరఫరా' అని రాయి. 'కట్టు' అనే రెండక్షరాలు చేరేసరికి వస్తువు పోయి ఏర్పాటు వస్తుంది. ఇంకో లాభం కూడా ఉంది. ఆ శాస్త్రంలో అప్‌స్ట్రీమ్, డౌన్‌స్ట్రీమ్ అని రెండు మాటలు పదే పదే వస్తాయి, వాటికి ఎగువ, దిగువ అని రాస్తే చెరువుల వరుసలోనే అమరిపోతాయి, మళ్లీ కొత్త మాట పుట్టించాల్సిన పని ఉండదు.

ఇంగ్లిష్‌లో కూడా ఆ మాట పాతదేమీ కాదు. సప్లై చైన్ మేనేజ్‌మెంట్ అనే పేరును 1982లో కీత్ ఆలివర్ అనే కన్సల్టెంట్ ప్రచారంలోకి తెచ్చాడు. పని మాత్రం అంతకు ఎంతో ముందునుంచీ ఉంది. ఆ పని చేసేవాళ్లకు మాటలూ ఉన్నాయి. మీ నాయననే అడిగి చూడు. కల్లంలో వడ్లు ఆరబోస్తారు, తేమ 17 శాతం లోపు వస్తే కాంటా పెడతారు, తరుగు దగ్గర పంచాయితీ అవుతుంది, హమాలీలు బస్తాలు ఎత్తుతారు, లారీ దొరికేదాకా ఎదురుచూపు, మిల్లు కాడ లారీల లైను, ఆ తర్వాత దిగుమతి. ఈ చివరి మాట దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. మన వైపు పేపర్లలో 'మిల్లుల్లో ధాన్యం దిగుమతి ఆలస్యం' అని వస్తే, విదేశాల నుంచి వడ్లు తెప్పిస్తున్నారా అని సిటీలో ఉన్నవాళ్లు బిత్తరపోతారు. లారీ మీది నుంచి బస్తాలు దించడమే ఇక్కడి దిగుమతి. దిగు అనే ధాతువుకు దగ్గరగా ఉన్న అర్థం అదే. స్కూలు పుస్తకంలో నేర్చుకున్న విదేశీ వ్యాపారం అర్థం పక్కన ఇది కూడా నిక్షేపంలా బతికి ఉంది. నీ వ్యాసంలో అన్‌లోడింగ్ అని రాసినచోట దిగుమతి అని రాస్తే ఎవరూ తప్పు పట్టకూడదు. సందేహం వస్తుందనుకుంటే మొదటిసారి 'లారీ దిగుమతి' అను, సరిపోతుంది.

ఇక ఎద్దు. బుల్‌విప్ అంటే పశువులను తోలే పొడుగాటి తోలు కొరడా. గుర్రపుబండిలో గుర్రం ఉన్నట్టు అందులో ఎద్దు ఉండదు. 'ఎద్దు కొరడా' అంటే కొరడా ఎద్దు చేతిలో ఉందేమో అనిపిస్తుంది. ఆ పేరు ఎందుకు పెట్టారో చూస్తే మాట దానంతటదే దొరుకుతుంది. ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ కంపెనీ వాళ్లు తమ డైపర్ల లెక్కలు చూసుకుంటే ఒక వింత కనిపించింది. పసిపిల్లలు డైపర్లు రోజూ ఇంచుమించు ఒకే తీరుగా వాడతారు, దుకాణాల్లో అమ్మకాలూ పెద్దగా మారవు. కానీ డిస్ట్రిబ్యూటర్లు పెట్టే ఆర్డర్లు మాత్రం పడిలేస్తున్నాయి, కంపెనీ తన ముడిసరుకు వాళ్లకు పెట్టే ఆర్డర్లయితే ఇంకా దారుణం. పిడి దగ్గర మణికట్టు కొంచెం కదిలిస్తే కొరడా కొస అంత ఎత్తున ఊగుతుంది చూడు, అదన్నమాట. ఇలా పెరిగిపోయే సంగతిని అంతకు ముందే, 1961లో, అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో జే ఫారెస్టర్ అనే ప్రొఫెసర్ చెప్పాడు. 1997లో హావ్ లీ, పద్మనాభన్, వాంగ్ అనే ముగ్గురు కారణాలను విడమరిచి రాశాక ఆ పేరు స్థిరపడిపోయింది.

మన చేతిలో అలాంటి వస్తువు చెర్నాకోల. ములుగర్ర పనికిరాదు, అది పొడుస్తుంది కానీ ఊగదు. 'చెర్నాకోల దెబ్బ' అన్నా కుదరదు, ఎవరికో తగిలినట్టు వినిపిస్తుంది, ఇక్కడి ముచ్చట తగలడం గురించి కాదు. అందుకని 'చెర్నాకోల ఊపు' అంటాను. వ్యాసంలో మొదటిసారి బుల్‌విప్ ఎఫెక్ట్ అని రాసి పక్కనే ఇది రాయి. చెర్నాకోల చూడని పిల్లలకు కూడా ఊపు అన్న మాట సగం అర్థం చెప్పేస్తుంది.

ఆ ముగ్గురూ చెప్పిన కారణాలు నాలుగు. రేపటి గిరాకీని ఎవరికి వారు అంచనా వేసుకోవడం, ఆర్డర్లన్నీ కూడబెట్టి ఒకేసారి పెట్టడం, ధరలు తగ్గినప్పుడు ఎక్కువ కొనిపెట్టుకోవడం, కొరత వస్తుందంటే అవసరానికి మించి అడగడం. నాలుగోదానికి వాళ్లు పెట్టిన పేరు షార్టేజ్ గేమింగ్. దీన్ని 'కొరత క్రీడ' అని మాత్రం అనకు తల్లీ, చేతులెత్తి మొక్కుతాను. 2025 వానకాలంలో యూరియా కోసం సొసైటీల ముందు చెప్పులు, పాస్‌బుక్కులు వరుసగా పెట్టి తెల్లారేదాకా కాపు కాసిన రైతులను చూసినవాళ్లెవరూ దాన్ని ఆట అనలేరు. నిజంగానే సరుకు తక్కువొచ్చింది, అది వేరే సంగతి. కానీ రెండు బస్తాలు చాలే రైతు మళ్లీ దొరకదేమోనని నాలుగు అడిగితే, ఆ నాలుగే అసలు గిరాకీ అనుకుని పైవాడు లెక్క వేసుకుంటాడు, ఊపు అక్కడే మొదలవుతుంది. ఇందులో రైతు తెలివితక్కువతనం ఏమీ లేదు, ఆ పరిశోధకులు కూడా అదే అన్నారు, ఎవరికి వారు తెలివిగా చేసిన పనులన్నీ కలిసి గొలుసుకట్టును గందరగోళం చేస్తాయని. దీనికి మనకున్న మాట 'ఎగబడి కొనడం'. వ్యాసానికి అది చాలు.

సుస్థిర చలనశీలత దగ్గరికి వద్దాం. సుస్థిరం అంటే గట్టిగా నిలిచి ఉండేది, చలనశీలత అంటే కదిలే గుణం. రెండూ కలిపితే కదలని కదలిక. చలనశీలత మంచి మాటే, భౌతికశాస్త్రంలో ఎలక్ట్రాన్లకు వాడుకుంటున్నాం. మనుషులకు ఉన్నది రాకపోకలు. ఏటా వానలు పడగానే 'వాగు పొంగి రాకపోకలు బంద్' అని వార్త వస్తుంది, అది చదివి మొబిలిటీ అంటే ఏమిటో తెలియలేదన్నవాణ్ని నేను చూడలేదు. ఇంకో విశేషం, ఈ మాటలో రాక ముందుంది, పోక వెనకుంది. పాలమూరు నుంచి బొంబాయి బస్సెక్కి పోయి ఏళ్లకేళ్లు రాని మనిషి గురించి రాసేటప్పుడు రాకపోకలు అనకు, అది వలస.

సస్టెయినబుల్‌కు సుస్థిర అనే మాట అభివృద్ధి పక్కన కుదురుకుపోయింది, అక్కడ ఉండనీ. రాకపోకలు మాత్రం నిలబడవు, సాగుతాయి. 'పదికాలాల పాటు సాగే రాకపోకలు' అని ఒకసారి చెప్పి, ఆ తర్వాత నువ్వు ఏ సంగతి మాట్లాడుతున్నావో అదే రాయి. పొగ గురించా, ఖర్చు గురించా, ముసలీముతకా ఎక్కగలిగే బస్సు గురించా? సుస్థిర అనే ఒక్క మూట కింద ఇవన్నీ కట్టేస్తే చదివేవాడికి ఏదీ కనిపించదు. అంకెలు ఉన్నచోట అంకెలే వేసెయ్. వాతావరణ మార్పుల మీద ఐక్యరాజ్యసమితి పెట్టిన శాస్త్రవేత్తల సంఘం ఐపీసీసీ 2022లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2019లో ఇంధనాల వాడకం నుంచి వచ్చిన కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు 23 శాతం రవాణాది, రవాణా రంగం నేరుగా వదిలిన దాంట్లో 70 శాతం రోడ్డు బండ్లది. రైళ్లది ఒక్క శాతమే. ఈ మూడు అంకెలు చేసే పని ఎంత పెద్ద సమాసమూ చేయలేదు.

అదే నివేదికలో అవాయిడ్, షిఫ్ట్, ఇంప్రూవ్ అనే మూడు మాటలు వస్తాయి, నువ్వు నివారణ, బదలాయింపు, అభివృద్ధి అని రాసి ఉంటావు. క్రియలతో చెబితే తేలిక: తిరగాల్సిన అక్కర తగ్గించడం, బండి మార్చడం, ఉన్న బండిని మెరుగుపరచడం. బీపీ మందుల కోసం నల్లగొండ పెద్దాసుపత్రి దాకా పోకుండా మండలంలోనే దొరికితే మొదటిది. బైకు ఇంటి దగ్గర పెట్టి బస్సెక్కితే రెండోది. ఆ బస్సు డీజిల్‌కు బదులు కరెంటుతో నడిస్తే మూడోది. మొదటిదానికి చాలామంది పరిశోధకులు ఇప్పుడు ఎక్కువ విలువ ఇస్తున్నారు. ఎంత దూరం తిరగగలం అనేదానికన్నా ఏది ఎంత దగ్గరలో దొరుకుతుంది అనేది ముఖ్యమంటున్నారు. వాళ్లు యాక్సెసిబిలిటీ అనేది మన 'అందుబాటు', అంతకన్నా మంచి మాట వెతకొద్దు.

ట్రిప్ చెయినింగ్ అనే మాట నీ వ్యాసంలో ఉందో లేదో గానీ, ఆడవాళ్ల ప్రయాణాల మీద పరిశోధన చదివితే తప్పక తగులుతుంది. ఒక్కసారి ఇంట్లోంచి బయటపడితే బ్యాంకు, కూరగాయలు, పిల్లల ఫీజు, అన్నీ చూసుకుని రావడం. దీన్ని 'ప్రయాణ గొలుసు' అంటే మీ నాయన మళ్లీ అదే ప్రశ్న వేస్తాడు. తెలుగులో దీన్ని 'పనిలో పనిగా' అంటాం. 2023 డిసెంబర్ 9న ఆడవాళ్లకు బస్సు ప్రయాణం ఉచితం చేసిన మహాలక్ష్మి పథకం మొదలయ్యాక మన ఆర్టీసీ బస్సుల్లో ఈ పనిలో పని ప్రయాణాలు ఎలా మారాయో చూడటం మంచి పరిశోధన అంశం. ఆ పథకం ఇచ్చిన 'జీరో టికెట్' కూడా చూడు, ఏ సంఘమూ కూర్చుని చెక్కని మాట, ఒక్క వారంలో ప్రతి ఊరికీ పాకింది.

చివరి మైలు గురించి ఎక్కువ చెప్పను. మైళ్లు పోయి కిలోమీటర్లు వచ్చి తరాలు గడిచాయి, మైలురాయి ఒక్కటే మిగిలింది. సరుకులకైతే 'గడప దాకా చేరవేత' అను. మనుషులకైతే ఇక్కడ చక్కటి మాట ఉంది, స్టేజీ. విజయవాడ హైవే మీద చౌటుప్పల్ దాటాక బస్సు ఆపేది స్టేజీ కాడ, ఊరేమో లోపల రెండు మూడు కిలోమీటర్లు. ఆటో ఉంటే ఉంటుంది, లేదంటే నడకే. లాస్ట్ మైల్ సమస్య అంటే అక్షరాలా 'స్టేజీ నుంచి ఊరి దాకా' సమస్య. స్టేజీ ఇంగ్లిష్ మాటే కదా అంటావేమో. అవును, మోటారు వాహనాల చట్టంలో టికెట్లు కొట్టి నడిపే బస్సును స్టేజ్ క్యారేజ్ అంటారు, చార్జీల లెక్క కూడా స్టేజీల మీదే. కానీ అది ఆ తొవ్వల మీద మనతో పాటు తిరిగి తిరిగి మనదైపోయింది. కంటైనర్, టోల్‌గేట్, లాజిస్టిక్స్ కూడా అంతే, వాటిని అనువదించే కష్టం పెట్టుకోకు. అన్నట్టు గోదాం కథ ఇంకా తమాషాగా ఉంటుంది. అది ఇంగ్లిష్ గోడౌన్ అంటారు, ఇంగ్లిష్ వాళ్లకు మలయ్ భాష గుదంగ్ నుంచి వచ్చిందంటారు, మలయ్ వాళ్లకు ఎక్కడిదంటే నిఘంటుకారులు మన గిడ్డంగి వైపు, తమిళుల కిడంగు వైపు వేలు చూపిస్తారు. సముద్రం దాటి తిరిగొచ్చిన సరుకు. రెండింటిలో ఏది రాసినా నీ ఇష్టం, మిల్లులో మాత్రం గోదామే.

నీ వ్యాసంలో ఇలాంటి వాక్యం ఒకటి ఉండే ఉంటుంది: "సరఫరా గొలుసునందు దిగువ స్థాయి గిరాకీలోని స్వల్ప వ్యత్యాసములు ఎగువ స్థాయిలో ఎద్దు కొరడా ప్రభావమును కలుగజేయును". ఇలా రాసి చూడు: "దుకాణంలో అమ్మకం కొంచెం అటూ ఇటూ అయితే చాలు, ఆ కదలిక ఎగువకు పోయేకొద్దీ పెరిగి కంపెనీ దాకా వచ్చేసరికి పెద్ద ఊపవుతుంది, దీన్నే బుల్‌విప్ ఎఫెక్ట్, అంటే చెర్నాకోల ఊపు అంటారు." నాలుగు మాటలు ఎక్కువే పట్టాయి, పట్టనీ.

రవాణా, రవానా సంగతి. పారసీలో, ఉర్దూలో రవానా అంటే బయలుదేరిన, పంపించిన అని అర్థం, ఉర్దూ మాట్లాడేవాళ్లు ఇప్పటికీ మనిషి బయలుదేరినా 'రవానా హోగయే' అంటారు. తెలుగులోకి వచ్చాక 'న' కాస్తా 'ణ' అయింది, అర్థం కూడా సరుకులను, మనుషులను చేరవేయడం అని స్థిరపడింది. కాబట్టి వ్యాసంలో రవాణా అనే రాయి. మీ ఊళ్లో పెద్దవాళ్ల నోట 'రవానా చేసినం' అని వినిపిస్తే దిద్దకు, వాళ్లు పంపించేశాం అని అసలు అర్థంలోనే అంటున్నారు. ఒకే పేజీలో మాత్రం ఒకచోట ణ, ఒకచోట న రాయకు.