సమాధానం: సెంటర్ నుంచి వచ్చాక మళ్లీ మందు ఎందుకు?

అక్కా, మీ తమ్ముడు డీ-అడిక్షన్ సెంటర్ నుంచి వచ్చిన రెండు నెలలకే మళ్లీ తాగాడని, చికిత్సంతా వృథా అయిందని రాశారు. వృథా కాలేదు. మొదటి కొన్ని నెలల్లోనే ఇలా జరగడం ఎక్కువ. జీతం డబ్బు చేతికి రావడం, పాత స్నేహితుల ఫోన్, ఇంట్లో గొడవ... ఈసారి ఏది ముందు జరిగిందో అతన్నే నెమ్మదిగా అడగండి.

నిద్ర సంగతి చాలామంది పట్టించుకోరు. మానేశాక నెలల తరబడి కలత నిద్రే ఉండొచ్చు, అప్పుడే "ఒక్క పెగ్గు వేస్తే పడుకుంటా" అనిపిస్తుంది. డాక్టరుకు ఇది తప్పక చెప్పండి. మాత్రలు తనంతట తనే ఆపేశాడేమో కూడా చూడండి.

ఎవరో చెప్పారని, తాగుడు మాన్పించడానికి డాక్టర్లు రాసే డైసల్ఫిరామ్ మాత్ర అతనికి తెలియకుండా అన్నంలో మాత్రం కలపొద్దు, దాని మీద తాగితే ప్రాణం మీదికొస్తుంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.