ఆర్థిక సంక్షోభం వస్తే ముందు పోయేది ఉద్యోగమా, జీతమా?

రెండూ కాదు. ముందు పోయేది ఓవర్‌టైం. 2008లో దుబాయ్‌లోని ఒక నిర్మాణ కంపెనీలో టైంకీపర్‌గా ఉన్నాను. కార్మికుల హాజరు, పని గంటలు రాసేది నేనే. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మా సైటులో షట్టరింగ్ కార్పెంటర్ (కాంక్రీటు పోయడానికి చెక్క అచ్చులు కట్టే వడ్రంగి) బేసిక్, అంటే ఓవర్‌టైం కలపని జీతం, నెలకు 600 దిర్హాములు. రోజూ మూడు గంటల ఓవర్‌టైం, శుక్రవారాల పని కలిస్తే 900 దాటేది. ఇంటికి పంపే డబ్బు, అప్పు వడ్డీ అంతా ఆ పై మూడు వందల మీదే నడిచేది. ఆ సెప్టెంబరులో అమెరికాలో లేమన్ బ్రదర్స్ అనే పెద్ద బ్యాంకు కూలింది. దుబాయ్‌లో అప్పు పుట్టడం కష్టమైంది, ఫ్లాట్లు కొన్నవాళ్లు వాయిదాలు ఆపేశారు, క్రేన్లు నిలిచిపోయాయి. కొద్ది నెలల్లోనే నా టైంషీట్లలో ఓవర్‌టైం గడి ఖాళీ. అప్పటికి ఎవరి ఉద్యోగమూ పోలేదు, కాగితం మీద ఎవరి జీతమూ తగ్గలేదు. సంపాదనలో మూడో వంతు మాత్రం ఎగిరిపోయింది. సంక్షోభంలో జీతాలు పెద్దగా పడిపోలేదని చెప్పే నిపుణులు ఆ గడి ఎన్నడూ చూసి ఉండరు.

తర్వాత వచ్చింది ‘లాంగ్ లీవ్’. జీతం లేని సెలవు మీద ఇంటికి పంపి, పని దొరికాక పిలుస్తామనేవారు. చాలామందికి ఆ పిలుపు రాలేదు.

ఆ పైన సంతకాలు. మెట్‌పల్లి వైపు కార్పెంటర్ ఒకాయన మా క్యాంపులో ఉండేవాడు. నాకన్నా పెద్ద, అన్నా అని పిలిచేవాణ్ణి. నాలుగేళ్ల సర్వీసు. ఒక సాయంత్రం ఆఫీసు గదికి పిలిపించి, అరబిక్‌లోనూ ఇంగ్లిషులోనూ ఉన్న కాగితం ఒకటి ముందు పెట్టారు. సెటిల్‌మెంట్ అన్నారు, సంతకం పెడితే టికెట్టు అన్నారు. ఆయన దాన్ని నా వైపు జరిపి, “ఇందులో ఏముంది తమ్ముడూ?” అని అడిగాడు. తన ఇష్టంతోనే రాజీనామా చేస్తున్నానని ఉంది.

కాలపరిమితి లేని కాంట్రాక్టులో, అప్పటి అక్కడి చట్టం ప్రకారం, కంపెనీయే తీసేస్తే ఏడాదికి 21 రోజుల బేసిక్ చొప్పున గ్రాట్యుటీ (సర్వీసు ముగిసినప్పుడు ఇచ్చే సొమ్ము), పైగా నెల నోటీసు ఇవ్వాలి. మూడేళ్లు దాటి అయిదేళ్లు నిండనివాడు తానే మానేస్తే గ్రాట్యుటీలో మూడింట రెండు వంతులే. అంటే అన్న నాలుగేళ్లకు 1680 బదులు 1120 దిర్హాములు. నోటీసు నెల 600 కూడా దక్కవు.

విషయం చెప్పగానే అన్న పెన్ను కింద పెట్టేశాడు. “నేను మానడం లేదు, మీరే మానిపిస్తున్నారు. అదే రాయండి” అన్నాడు హిందీలో, గొంతు పెంచకుండా. ఆ తర్వాత ఆయనకు పని ఇవ్వలేదు, టికెట్టూ ఇవ్వలేదు. పాస్‌పోర్టు కంపెనీ దగ్గరే ఉంది. ఊళ్లో కూతురి పెళ్లికి చేసిన అప్పు మీద నూటికి మూడు రూపాయల వడ్డీ. పక్క గదులవాళ్లు వంతులవారీగా అన్నం పెట్టారు. చివరికి ఆయనతో సంతకం పెట్టించారు. కంపెనీ రికార్డులో ఈరోజుకీ ఆయన ఇష్టపడి మానేసినవాడే.

ఇంటి దగ్గరివాళ్లకు ఇదేమీ తెలియదు. 2008 మొదట్లో డాలరుకు 40 రూపాయల లోపు ఉన్నది 2009 మార్చికి 50 దాటింది. దిర్హాము డాలరుకు ముడిపడి ఉంటుంది కనుక దాని విలువా పెరిగింది. “రేటు బాగుందట కదా, డబ్బు తక్కువ పంపుతున్నావేం?” అని ఫోన్లు. పత్రికల్లో చూస్తే రోజూ హైదరాబాదు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల గోలే. కరీంనగర్, నిజామాబాద్ పల్లెలకు ఉత్త చేతులతో తిరిగొచ్చినవాళ్ల గురించి ఎంత రాశారు?

అన్నిటికన్నా నాకు కోపం తెప్పించింది 2020. కరోనా నడుస్తుండగా, సెప్టెంబరులో, మన విదేశాంగ శాఖే గల్ఫ్‌కు వెళ్లే కార్మికుల కనీస సిఫార్సు వేతనాన్ని (ఇంతకు తగ్గకుండా ఇవ్వాలని మన ప్రభుత్వం పెట్టే జీతాన్ని) 30 నుంచి 50 శాతం దాకా తగ్గించింది. ఉద్యోగాలు నిలుస్తాయని చెప్పింది. అక్కడి యజమాని బేరమాడాల్సిన పని కూడా లేకుండా చేసింది! విషయం తెలంగాణ హైకోర్టు దాకా వెళ్లింది. 2021 జులైలో గానీ పాత వేతనాలు తిరిగి రాలేదు. ఆ మధ్య తక్కువ జీతానికి ఒప్పుకుని విమానమెక్కినవాళ్లకు తేడా ఎవరిస్తారు?

మీ వాళ్లెవరైనా అక్కడుంటే ఓవర్‌టైం తగ్గిన మొదటి నెలలోనే కాంట్రాక్టు, జీతం చీటీలు ఫోనులో ఫొటో తీసి ఇంటికి పంపమనండి. సంతకం అడిగిన కాగితం ఏదైనా సరే, పెన్ను పట్టకముందే పంపమనండి.